ప్రతి గడప ముందూ ఒక పిలుపు

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. మన పాతకోట చూడను వచ్చిన పదిమందిని మొదటిసారి నేనే ఊరంతా నడిపించినాను, నువ్వు తిప్పినట్టే. తిరుమల కొండల మీద నుంచి మంచు దిగి, రాతిగోడలు నీళ్లలో తేలుతున్నట్టు ఉన్నాయి.

ఏ ఇల్లొచ్చినా గడప ముందర నిలబడి, "అమ్మా, మీ వీధిలో నడస్తా ఉండాం" అని పిలిచినాను. "రాజులు ఎప్పుడో పోయినారు. ఇప్పుడు ఈ ఊరు వీళ్లది, చెప్పకుండా పోగూడదు" అనేవాడివి కదా. గంగమ్మవ్వ పొయ్యి కాడ నుంచే, "పోండి, ఆ మెట్టు జారతాది, సూసుకోండి" అనింది. మంచులో మనిషి కనపడలేదు. గొంతు మటుకు కొంతదూరం మా వెంట వచ్చింది.

అట్లా పిలుచుకుంటా, పిలుచుకుంటా మన ఇంటి ముందరికి వచ్చినాను. అదే ఊపులో, "నాయనా, మనుషులొచ్చినారు" అని కేకేసినాను. పొద్దున తాళం వేసింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది.

వాళ్లకేం తెలుసు? అన్ని ఇళ్ల ముందరా నిలబడినట్టే ఈడా నిలబడినారు. నేను కదలబోతే, వాళ్లలో తడ ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకునింది.

"ఇంకా పలకలేదు కదమ్మా. తొందరేముంది, ఉందాం."

ఉన్నాం నాయనా. శానాసేపు ఉన్నాం.