రెండు క్షణాల చప్పుడు

బుధవారం, మధ్యాహ్నం

తమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఫోన్ చేస్తే "సరే అక్కా, సరే" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు కదా, అందుకని రాస్తున్నాను.

ముందు మా కారు సంగతి. ఈ నెలాఖరుతో దాని వారంటీ అయిపోతుంది. కొంతకాలంగా పొద్దున స్టార్టు చెయ్యగానే ఇంజిన్లో గలగలమని ఒక చప్పుడు. రేకు డబ్బాలో మేకులు పోసి ఆడించినట్టు. రెండు క్షణాలు, అంతే. తర్వాత ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. కొన్ని రోజులు ఆ రెండు క్షణాలూ ఉండదు.

ఆ చప్పుడు నీకు తెలుసు. నాన్న రొట్టెల వ్యాను అచ్చం అలాగే మేలుకునేది. అది వినబడగానే నువ్వు ఒక చెప్పు కాలికీ, ఇంకోటి చేతిలోనూ పట్టుకుని పరుగెత్తేవాడివి. ముందు సీటు నీది. నాకు వెనక ట్రేల మధ్య కాస్త చోటు. బడి దగ్గర దిగేసరికి నా జడలు కూడా రొట్టెల వాసన కొట్టేవి. నా పక్కన కూర్చునే పిల్లకి మొదటి గంటకే ఆకలేసేది, పాపం.

నాన్నకీ అది గుర్తుంది. అసలు అది రాయడానికే కూర్చున్నాను. కిందటిసారి నిన్ను చూసి "ఎవరు బాబూ మీరు?" అన్నారని నువ్వు అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయావు. ఇక వచ్చి ఏం లాభం అన్నావు. నన్నూ ఆయన నర్సమ్మా అనే పిలుస్తున్నారు, నేను పలుకుతూనే ఉన్నాను. కానీ కారు గలగలమన్న రోజు మాత్రం మంచం మీద లేచి కూర్చుని, చిన్నోడు ఎక్కాడా అని అడుగుతారు. కాఫీ తాగడం అయ్యేదాకా మనిషి మన నాన్నే. తర్వాత మళ్ళీ గోడవైపు తిరిగిపోతారు.

అలాగని ఇంజిన్ని పాడవనివ్వలేం కదా. సర్వీస్ సెంటర్ వాళ్ళు ఆ చప్పుడు వినడానికి మెకానిక్‌ని ఇంటికే పంపారు, ఒకటికి మూడుసార్లు. మూడుసార్లూ కారు కిక్కురుమనలేదు. ఇందాకే వచ్చిందండీ అని మీ బావ మొత్తుకుంటే, ఇందాక వచ్చింది నన్ను చూసి సిగ్గుపడుతోందా సార్ అన్నాడట మెకానిక్. తాము వినని చప్పుడుకి వారంటీలో పార్టు మార్చడం కుదరదని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. మీ బావ ముందు కారుని తిట్టి, తర్వాత అతన్ని తిట్టి, చివరికి ఆ చప్పుడు కనిపెట్టినందుకు నన్ను తిట్టారు.

నా సంగతి నీకు తెలుసుగా, ఏ కుళాయి కారుతోందో తేలేదాకా నాకు ముద్ద దిగదు. మీ బావ రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన మర్నాడు చప్పుడు ఉండటం లేదని గమనించాను. అంటే కారు చాలా గంటలు కదలకుండా ఉంటేనే అది వస్తోంది. మరి మెకానిక్ వచ్చే రోజు ఏమవుతోంది? వాకిలంతా తడిగా ఉంటోంది. మురికి కారు పరాయివాడికి చూపించడం మీ బావకి నామోషీ. అతను వచ్చేలోపల షెడ్డులోంచి బయటికి తీసి శుభ్రంగా కడుగుతున్నారు. ఆ రోజు చప్పుడు అక్కడే ఖర్చయిపోతోంది.

నాలుగోసారి తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. కారు దుమ్ముతోనే ఉంది, మీ బావ మొహం మాత్రం చూడలేకపోయాం. మెకానిక్ బానెట్ ఎత్తి నన్నే స్టార్టు చెయ్యమన్నాడు. గలగలమంది. అతను తలాడించాడు. రాత్రంతా నిలిపితే ఆయిల్ కిందికి దిగిపోతోందట, అది మళ్ళీ పైకెక్కేదాకా లోపలి గొలుసుని బిగించి పట్టే పార్టు వదులైపోతోందట. వారంటీలోనే కొత్తది వేస్తామని రాసుకున్నాడు.

అప్పుడే వసారాలో కుర్చీలోంచి నాన్న కేకేశారు.

"చిన్నోడా, తలుపు గట్టిగా వేశావా?"

తననే అనుకున్నాడు కాబోలు, మెకానిక్ బానెట్ దించి, "వేశానండీ" అన్నాడు.

"అయితే పోదాం పద."

ఆయన మొహంలో ఆ తృప్తి చూసి ఎన్నేళ్ళయిందో. నేను కాఫీ వంకతో లోపలికి వచ్చేశాను.

కొత్త పార్టు పడితే ఇక చప్పుడుండదు. మీ బావకి అదో పండగ. నాకు మాత్రం ఇల్లు మరీ నిశ్శబ్దమైపోతుందేమోనని ఉంది. పిల్లల్ని అడిగినట్టు చెప్పు. ఆరోగ్యం జాగ్రత్త.

నీ అక్క

తా.క. పార్టు పోయిన శుక్రవారమే వచ్చింది. ఇంకా రాలేదని మీ బావతో అబద్ధమాడాను. దూరాలు తిప్పకపోతే ఈ కొద్ది రోజులకీ ఏం కాదని మెకానిక్ అన్నాక, వారంటీ ఆఖరి రోజుకి వాయిదా వేయించాను. అది వచ్చే మంగళవారం. సోమవారం సాయంత్రానికి వచ్చెయ్. నాన్న నిన్ను చూసి గుర్తుపడతారని మాట ఇవ్వలేను. పిలవడం మాత్రం పిలుస్తారు. పలకడానికి నువ్వుంటే బాగుంటుంది.