డిక్కీ మూత లోపలి రంగులు

బుజ్జీ,

పెయింటరు పదింటికి వస్తాడు. నేను బడికి వెళ్తున్నాను. అతను కారు రుద్దడం మొదలుపెట్టకముందే తలుపుల మీది క్రోమ్ పట్టీలు దగ్గరుండి విప్పించు. ఒక్కోదాని వెనక సుద్దతో నంబరు రాశాను, తారుమారు కానివ్వకు. అద్దాలకు న్యూస్ పేపరు అంటించమను.

రంగు ఏదని అడుగుతాడు. డిక్కీ మూత లోపల మీ నాన్న వేసి చూసిన అయిదు రంగుల్లో మూడోది, లేత ఆకుపచ్చ.

ఏడాదిగా బండి ఆ బూడిదరంగు ప్రైమరుతోనే ఎందుకు ఉండిపోయిందని అడిగావు కదా. నా వల్లే. వచ్చి ఒక రంగు ఎంచమని ఆయన ఎన్నిసార్లు పిలిచారో. "పేపర్లు దిద్దుకోవాలి, ఏదో ఒకటి వేయించండి" అన్నాను. "ఏదో ఒకటైతే నిన్నెందుకు అడుగుతానే, పంతులమ్మా?" అని నవ్వి వెళ్లిపోయారు. గుమ్మం దాటి పది అడుగులు వేయలేకపోయాను. ఆయన చనిపోయిన నెల రోజులకు, నిన్న మొదటిసారి ఆ మూత ఎత్తి చూశాను.

భోజనం బల్ల మీద మూతపెట్టి ఉంచాను. వేళకు తిను.

అమ్మ

మరిచాను. డిక్కీ మూత లోపల మాత్రం రంగు కొట్టనివ్వకు. మిగతా నాలుగూ కూడా నా కోసం కలిపినవే.