బ్యాంకాక్ సంతలో తప్పిపోయాను

అక్కా, నేను క్షేమం. ఫోన్‌లోనైతే నా గొంతు విని కంగారు పడతావని కార్డు రాస్తున్నాను.

నిన్న బ్యాంకాక్ సంత రద్దీలో స్నేహితుల నుంచి తప్పిపోయాను. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. మామిడి ముక్కలు అమ్మే ఒక పెద్దామె నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. "తప్పిపోయిన, పెద్దమ్మా, జరసేపు కూసుంట" అంటే, అర్థం కాకపోయినా నా వీపు నిమిరింది. దారి అడుగుతూ హాస్టల్‌కు చేరేసరికి అందరూ పేకాడుతున్నారు. "ఏడికి పోయినవే? రూముల పండుకున్నవనుకున్నం" అని సునీత నవ్వింది. నేనూ నవ్వాను.

చిట్టికి జ్వరం తగ్గిందా? బావ మగ్గం బాగైందా?

వచ్చే నెల స్టేషన్ నుంచి కొత్తవాడకు ఆటోలో నేనే వస్తానన్నాను కదా. వద్దక్కా, నువ్వే స్టేషన్‌కు రా.

బావకు దండాలు, చిట్టికి ముద్దులు.

నీ చెల్లెలు,
సుభాషిణి