చెవి కోసినవారి పిల్లి

డాక్టర్ నాజ్నీన్‌గారికి, అల్లం గోదాము సందులో ఉండే బస్వమ్మ నమస్కరించి రాయునది.

ఫోన్‌లో చెబుదామంటే రోజా పేరు రాగానే ఏడుపొస్తోంది. అందుకే ఉత్తరం రాసి ఆటో యాకోబు చేతికిస్తున్నాను. రోజా నా పిల్లి. తొమ్మిదేళ్లు నాతో ఉండి, పోయిన నెల ముసలితనంతో పోయింది. అది పోయిన వారానికే ఎక్కడిదో చారల పిల్లి వచ్చి నా గడపలో కూర్చుంది. మళ్లీ పిల్లిని పెంచుకునే గుండె నాకు లేదు. కానీ అది ఈని, పిల్లలను ఏడిళ్లు తిప్పితే వాటి గతేమిటని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయమని మీ దవాఖానకు పంపాను. మీరేమో ఎడమ చెవి కొస కోసి పంపారు. నేను చెప్పింది కడుపు గురించి.

ఇట్లు, బస్వమ్మ

తా.క. అది నా పిల్లి కాదు. రోజా గిన్నెలో పాలు పోశానంటే, మిగతా గిన్నెలు తోమి లేవు.

*

బస్వమ్మగారికి నాజ్నీన్ సలాం.

రోజా సంగతి చదివి బాధ కలిగింది. కడుపు ఆపరేషన్ కూడా చేశానమ్మా. పొట్ట మీద బొచ్చు గొరిగిన చోట కుట్లుంటాయి, చూడండి. చెవి మత్తులో ఉండగానే కోశాం, దానికి తెలియదు. అది మేం పెట్టే గుర్తు. కుట్లు మానేదాకా ఇంట్లోనే ఉంచండి.

మీ నాజ్నీన్

తా.క. మందుల చీటీ మీద పిల్లి పేరు రాయాలి. ఏం రాయమంటారు?

*

డాక్టరమ్మకు బస్వమ్మ నమస్కారం.

గుర్తు పెట్టామని మీరే ఒప్పుకున్నారు కనుక ఇక దాపరికం వద్దు. న్యాల్‌కల్ నుంచి మా తమ్ముడు సిద్దప్ప వచ్చాడు. వాడికి మేకల మంద ఉంది. చెవి చూడగానే, "చెవి ఎవరు గోస్తే మేక వాళ్లదే అక్కా. ఇగ గీ పిల్లి డాక్టరమ్మదే. నువ్వెందుకు ఫికర్ చేస్తవ్?" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇంకో భయం కూడా పట్టుకుంది, అది తరువాత రాస్తాను. మీకు పిల్లి కావాలంటే అడిగితే పోయేది కదా. కుట్లు మానాయి. మీ పిల్లిని తీసుకుపోండి. పేరు కూడా మీరే పెట్టుకోండి.

ఇట్లు, బస్వమ్మ

తా.క. జొన్నరొట్టె పాలలో నానబెడితేనే తింటుంది. నా కాళ్ల మీద పడుకోవడం అలవాటైంది. మీ ఇంట్లో ఎవరి కాళ్లైనా ఖాళీగా ఉన్నాయా?

*

బస్వమ్మగారికి సలాం.

మా ఇంట్లో కాళ్లన్నీ మా అత్తగారి పిల్లివే. అమ్మా, మేకల లెక్క వేరు. మా గుర్తుకు అర్థం, ఇది ఎవరూ లేని వీధి పిల్లి, ఆపరేషన్ అయిపోయింది, మళ్లీ పట్టుకొచ్చి కడుపు కోయకండి అని. హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్ల నుంచి ఇదే పద్ధతి. మీకు వద్దంటే శుక్రవారం మా మనిషి వచ్చి, దాన్ని మళ్లీ గోదాము దగ్గర వదిలేస్తాడు.

మీ నాజ్నీన్

తా.క. ఆ పొద్దున పాలు పోయకండి. ఆకలి మీదుంటే బోనులోకి తొందరగా వస్తుంది.

*

తల్లి నాజ్నీన్‌కు, బస్వమ్మ దీవించి రాయునది.

రోజాకు కూడా ఎడమ చెవి కొస లేదు. హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన అల్లం లారీలోంచి దిగింది. ఏ కుక్కో కొరికిందనుకున్నాను. సిద్దప్ప మాట విన్నాక, ఎవరి పిల్లినో తొమ్మిదేళ్లు దాచుకున్నానా అని భయం పట్టుకుంది. కనీసం దీన్నైనా సొంతదారుకు అప్పజెప్పాలని తొందరపడ్డాను. నీ ఉత్తరంతో తెలిసింది, రోజా ఎవరిదీ కాదు. నాదే. ఈసారి కరువుతీరా ఏడ్చాను.

రోజాకు పిల్లలు కలగాలని ఏటా శివరాత్రికి ఝరాసంగం గుడిలో కొబ్బరికాయ కొట్టేదాన్ని. స్వామి ఎంత నవ్వుకున్నాడో.

శుక్రవారం మీ మనిషి వచ్చాడు. పిల్లి ఏడిళ్లు తిరగడానికి పోయిందని చెప్పాను. "పిల్లల్లేని పిల్లి ఏడిండ్లెందుకు తిరుగుతదమ్మా?" అన్నాడు. అప్పటికే నా కొంగు కింద నుంచి దాని తోక బయటికొచ్చింది. పాపం, అతను చూడనట్టే పోయాడు.

ఇట్లు, బస్వమ్మ

తా.క. మందుల చీటీ మీద పేరు అడిగావు కదా. పేరింకా అనుకోలేదు. ప్రస్తుతానికి ఇంటిపేరు మాది రాయి.