అత్తరు గాడిద పాట

అఫ్జల్‌గంజ్, హైదరాబాదు
12 ఆగస్టు 1979

గౌరవనీయులైన జగన్నాథరావు అన్నకు,

మొహియుద్దీన్ సలాములు. మీరూ భాభీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమందరం కులాసా.

ఆరేళ్ల తర్వాత మీ ఉత్తరం, దాంతోపాటు పుస్తకం అందాయి. అట్ట మీద మన గాడిద బొమ్మ చూసి మా అమ్మాయి సురయ్యా ఎగిరి గంతేసింది. అబ్బా, నీ గాడిద కితాబుల ఎక్కింది అని పలక మీద రాసి మరీ చూపించింది.

ఏం రాశారన్నా! మూడు గంటల నాటకం, పదకొండు పాటలు. దాన్ని పదేళ్ల పిల్లలు ఏకబిగిన చదివే నవలగా మార్చడం మాటలా? అత్తరు సీసాలు మోసి మోసి తానే నవాబుననుకునే మన గాడిద, పుస్తకంలో ఇంకా పొగరుబోతయింది. నవ్వలేక చచ్చాననుకోండి.

ఏడో అధ్యాయం దగ్గర మాత్రం ఏడ్చాను. బజారులో తప్పిపోయిన గాడిద యజమాని కోసం పాడే పాట అది. పుస్తకంలో హార్మోనియం మోగదు కదా, అందుకని ఆ బాణీ ఎలా ఉంటుందో పిల్లలకు మాటల్లో చెప్పారు. పాత తలుపు కిర్రుమన్నట్టు మొదలై, కుండలో నీళ్లు నిండుతున్నట్టు పైకి పోయి, అమ్మ పిలిస్తే ఆగినట్టు ఆగుతుందన్నారు. ఆ బాణీ కట్టింది నేనే. అయినా అది అంత బాగుంటుందని నాకే తెలియదు. ఆ పేజీ ఇరవైసార్లు చదివి ఉంటాను. పాటలు చూసి వాయిస్తానని, ఆఫీసు వదిలాక కూర్చోబెట్టి నాకు తెలుగు నేర్పింది మీరే. ఆ అక్షరాలే ఇప్పుడు అక్కరకొచ్చాయి.

ఇక ఆ ఉస్మాన్‌గంజ్ ప్రదర్శన సంగతి. ఆ రోజు గొంతు పట్టేసి నాగమణి శ్రుతి దించి పాడింది. నేను పాత శ్రుతిలోనే హార్మోనియం వాయించుకుంటూ పోయాను. జనం ఈలలు వేసి నవ్వారు. వాల్‌పోస్టరు మీద నీ పేరు వేయలేదని పగ తీర్చుకున్నావా అని తెరవెనుక మీరు నన్ను నిలదీశారట, తబలా సోమయ్య వల్ల తర్వాత తెలిసింది. నేనేమో బదులు చెప్పకుండా పెట్టె మూసుకుని వెళ్లిపోయాను. అది పొగరనుకుని మీరు మాటలు మానేశారు. ఇప్పుడు ముందుమాటలో సంగీతం మొహియుద్దీన్‌ది అని అచ్చు వేయించారు. మీ మనసు పెద్దదన్నా.

బడిలో పుస్తకం విడుదల రోజున వచ్చి ఆ ఒక్క పాటా వాయించమన్నారు. తప్పకుండా వస్తాను, ముందు వరుసలో కూర్చుంటాను. వాయించమని మాత్రం బలవంతపెట్టకండి. మళ్లీ అలిగాడనీ అనుకోకండి.

భాభీకి నా సలాం చెప్పండి.

మీ తమ్ముడు,
మొహియుద్దీన్

తా.క.: ఇది రాయకూడదనే అనుకున్నాను. గిప్పుడన్నా చెప్పకుంటే రావు సాబ్‌కు ఎట్ల తెలుస్తది అబ్బా అని సురయ్యా పలక పట్టుకుని నా ఎదుటే కూర్చుంది. ఆ ఏడాది టైఫాయిడ్ తగ్గాక నా రెండు చెవులూ పోయాయన్నా. తెలిస్తే నాటకంలోంచి తీసేస్తారని భయపడి దాచాను. వేళ్లకున్న అలవాటుతో నెట్టుకొచ్చాను, నాగమణి శ్రుతి దించేదాకా. తెరవెనుక మీరడిగింది నాకు వినబడలేదు. ఈ ఆరేళ్లలో నేను విన్న పాట మీ ఏడో అధ్యాయం ఒక్కటే.