పొగ పెట్టని రసాలు

నాన్నా,

నీ తద్దినానికి నూజివీడు వచ్చాను. మొన్న హైదరాబాదులో మా ఆఫీసు కంప్యూటర్ దగ్గర గొడవపడ్డాను. మనం రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్. దానికి బొంబాయిలోని మా హెడ్డాఫీసు వాళ్ళు వేగం పెంచే ఆప్షన్ పెడతారు. అది పెడితే ప్రోగ్రాము పెద్దదై, మా చిన్న యంత్రంలో పట్టడం లేదు. ఆ ఆప్షన్ తీసేశాను.

"బొంబాయి వాళ్ళకన్నా నీకెక్కువ తెలుసా?" అని ఆఫీసరు అరిచాడు.

అందరూ తొందరగా పండాలని మామిడికాయలకి పొగ పెడుతుంటే, నువ్వు రసాలను గడ్డిలోనే మాగబెట్టేవాడివి. ఏంటీ చాదస్తమని హనుమాన్ జంక్షన్ షావుకారు నవ్వితే, "నా కాయ సంగతి నాకు తెలుసండీ" అన్నావు.

"మా యంత్రం సంగతి నాకు తెలుసండీ" అన్నాను నేనూ ఆఫీసరుతో.

ప్రోగ్రాము నడిచింది. ఆయన ఇంకా నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానేయనీ.

ఇవాళ నీ విస్తట్లో వడ్డించిన రసాలు గడ్డిలో మాగినవే.