చప్పుడుకు లేవని బిడ్డ

తిరువూరు,
14-8-1976

అమ్మకు వందనాలు. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

మొన్న వినగడపలో పిల్లలకు తూకం వేశాం. అక్కడ రావమ్మగారి మనవడికి ఏడాదిన్నర. నెలనెలా తూకం చూసి కార్డులో ‘బాగున్నాడు’ అని రాసేదాన్ని. "ఏ చప్పుడుకీ లేవడు నర్సమ్మా, బుద్ధిమంతుడు" అని ఆవిడ అంటే నేనూ మెచ్చుకునేదాన్ని. ఈసారి డాక్టరమ్మ కూడా వచ్చి, వాడి వెనక నిలబడి పళ్లెం మోగించింది. వాడు తల తిప్పలేదు.

"వీడికి చెవులు వినపడట్లేదు. ఇన్నాళ్లూ నువ్వేం చూశావు సలోమీ?" అంది.

"తూకం చూశానండి" అన్నాను.

నాన్న దగ్గు తగ్గిందా? నా గొడుగు ఎవరైనా ఇటు వస్తుంటే పంపు.

చెల్లి బాబు మేలుకుని ఉన్నప్పుడు, వాడికి కనపడకుండా వెనక నిలబడి గరిటెతో కంచం మీద కొట్టు. తల తిప్పాడో లేదో ఆ రోజే రాయి. పక్కనే పిండిమర ఆడుతున్నా లేవడని పోయిన నెల నువ్వు మురిసిపోతూ రాస్తే, చెల్లి అదృష్టవంతురాలని జవాబు కార్డు రాశాను. ఆ కార్డు చించెయ్యమ్మా.

ప్రభువు బాబును కాయాలి.

నీ కూతురు,
సలోమి